అరుగు మీద పాత ఇంజను

మా వీధిలో ఎవరింటికి ఫ్రెంచి కాగితం వచ్చినా అది చివరికి నా చేతిలోకే వచ్చేది. కోర్టు నోటీసు, పన్ను రసీదు, పొలం దస్తావేజు, ఏదైనా సరే. సిస్టర్ల బడిలో సర్టిఫికెట్టు పరీక్ష దాకా చదివిన ఆడవాళ్లు ఆ రోజుల్లో యానాంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్లలో నేనొకదాన్ని. ఆ సంగతి నాకు బాగా తెలుసు, తెలిసినట్టే నడిచేదాన్ని కూడా. ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే చేతిలో పని ఆపేదాన్ని కాదు. "అక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాను" అనేదాన్ని, నేనేదో మేజిస్ట్రేటునైనట్టు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం కళ్లు నెత్తికెక్కి ఉండేవి.

మా ఎదురింట్లో కోర్టు గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. ఆయనకి నాకంటే మంచి ఫ్రెంచి వచ్చు. కానీ పాపం చూపు పోయింది. అందుకని వీధి మొత్తానికి నేనే దిక్కయ్యాను. ఫ్రెంచి రాని వాళ్లు ఏదైనా కాగితం మీద సంతకం చేస్తే, దాని కింద ఇంకో సంతకం కావాలి. "ఇది పూర్తిగా చదివి, ఆయన భాషలో ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను" అని ఒక వాక్యం రాసి, చదివినవాళ్లు దాని కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం మా వీధిలో ఎన్ని కాగితాల మీద పెట్టానో నాకే తెలియదు.

మా ఆయనది తూర్పు గోదావరిలో ఒక చిన్న పల్లెటూరు. పెళ్లికి ముందే యానాం వచ్చి కిరాయి కారు పెట్టుకున్నారు. ఫ్రెంచి ముక్క రాదు. తెలుగు కూడా కూడబలుక్కుని చదివేవారు. అయితే ఏ యంత్రం దగ్గరైనా ఒక్క నిమిషం చెవి పెట్టి వింటే దాని జబ్బేమిటో చెప్పేసేవారు. "మనుషుల మాటలు కూడా అంత శ్రద్ధగా వింటే ఎంత బాగుండును" అని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. నాకు కోపం వచ్చినంత తొందరగా ఆయనకి నవ్వొచ్చేది.

కారు చాలా చిన్నది. నలుగురు కూర్చునే కారులో ఆరుగురిని ఎక్కించేవారు. ఇటు కాకినాడ, అటు గోదావరి దాటి కోనసీమ. కారు నది దాటాలంటే పంటు ఎక్కాలి. రెండు పెద్ద పడవల్ని జోడించి పైన పలకలు పరిస్తే అదే పంటు. దాని మీదికి కారుని ఎక్కించడం, అవతలి రేవులో దింపడం, అదంతా చూడ్డానికి ఎప్పుడూ పదిమంది నిలబడేవారు.

ఇన్సూరెన్సు పాలసీ ఫ్రెంచి వాళ్ల రోజుల్లోనే తీసుకున్నాం. కంపెనీ పాండిచ్చేరిలో ఉండేది. వాళ్ల ఏజెంటు ఏడాదికోసారి యానాం వచ్చేవాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక కాగితాల బొత్తి ఇచ్చి, "సాయంత్రం వస్తాను, చదివి సంతకాలు పెట్టి ఉంచండి" అని వెళ్లాడు. మా ఆయన చాప మీద పడుకుని కళ్లు మూసుకున్నారు. నేను గుమ్మంలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఆయన పేరు, కారు రంగు, కారు నంబరు, ఇంజను నంబరు. రెండో పేజీలో కారు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లకి కంపెనీ ఇస్తుందని. మూడో పేజీ నుంచి ఆవగింజలంత అక్షరాలు. లోపల పొయ్యి మీద చేపల పులుసు అడుగంటుతున్న వాసన వచ్చింది. మా ఆయన దగ్గర్నుంచి ఊ లేదు, ఆ లేదు. నాకు ఒళ్లు మండింది.

"మిగతాదంతా మామూలేనండీ. లేచి సంతకం పెట్టండి" అన్నాను.

ఆయన పెట్టారు. దాని కింద నేనూ పెట్టాను, పూర్తిగా చదివి అర్థమయ్యేలా చెప్పానని. అంతటితో ఊరుకున్నానా అంటే అదీ లేదు. పాండిచ్చేరి కంపెనీ పాలసీ, ఎనిమిది పేజీలు, ఒక్క పూటలో మొత్తం చదివి వినిపించానని బావి దగ్గర నలుగురితో చెప్పుకున్నాను కూడా.

యానాం ఇండియాలో కలిశాక ఏడాదో రెండేళ్లో అయింది. పోలీసుల టోపీలు మారాయి కానీ కాగితాలన్నీ ఇంకా ఫ్రెంచిలోనే నడిచేవి. ఆ వానాకాలంలో ఒక పెళ్లివారిని ఎక్కించుకుని మా ఆయన కోనసీమ వెళ్లి వచ్చారు. తిరిగొస్తూ మన వైపు రేవులో పంటు దిగి గట్టు ఎక్కాలి. ఆ గట్టు నిట్రంగా ఉంటుంది, పైగా బురద. కారు సగం ఎక్కి మూలిగింది, వెనక్కి జారింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. చివరికి అందరూ దిగి తొయ్యాల్సి వచ్చింది. దిగిన వాళ్లలో పెళ్లికూతురి మేనత్త ఉంది. ఆవిడ కొత్త పట్టుచీర మోకాళ్ల దాకా బురదైపోయింది. రేవులో ఉన్న జనమంతా వినేలా, "ఇది కారా, కుట్టు మిషనా?" అందిట ఆవిడ.

ఆ మాట మా ఆయనకి గుచ్చుకుంది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. తన మీద ఎవరేమన్నా పట్టించుకోని మనిషి, కారు మీద ఒక్క మాట పడనిచ్చేవారు కాదు.

ఆ తర్వాత నెల తిరక్కుండా ఎక్కణ్ణించో పెద్ద ఇంజను తెచ్చారు. ఒక రైసుమిల్లు ఆయన పెద్ద కారు కాలవలోకి బోర్లా పడి పైభాగమంతా నుజ్జయిపోయింది, ఇంజను మాత్రం చెక్కుచెదరలేదుట. ఎడ్లబండి మీద వేసుకొచ్చి పెరట్లో దింపించారు. మూడు తాటి దూలాలు నిలబెట్టి కట్టి, గొలుసు వేసి, పాత ఇంజను పైకి లాగి, కొత్తది దింపడానికి పది రోజులు పట్టింది. పెద్దది చిన్న దాంట్లో ఎలా పడుతుంది చెప్పండి? ముందు రేకు కోశారు. కమ్మరితో రెండు ఇనప పట్టీలు చేయించి ఇంజనుని వాటి మీద కూర్చోబెట్టారు. పైమూత పూర్తిగా పడేది కాదు, తోలు పటకాతో బిగించి కట్టేవారు. నా పెరట్లో గోంగూర మడి మొత్తం నూనె పాలైంది. నేను అరిచిన అరుపులకి కమ్మరి రెండు రోజులు పనిలోకి రాలేదు.

కానీ నిజం చెప్పాలి. మొదటిసారి ఆరుగురితో ఆ గట్టుని కారు ఒక్క ఊపున ఎక్కేసినప్పుడు నేనూ రేవులోనే ఉన్నాను. జనం చప్పట్లు కొట్టారు. మా ఆయన నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకూ గర్వంగానే అనిపించింది.

పాత ఇంజనుని ఏం చేస్తారో అనుకున్నాను. పాత ఇనప సామాన్ల వాడికి వేస్తారేమో, అంత చోటు ఖాళీ అవుతుందనుకున్నాను. ఆయన దాన్ని శుభ్రంగా కడిగి, నలుగురి చేత మోయించి, వీధి అరుగు మీద ఒక చెక్కపీట వేసి పెట్టించారు. పైన గోనెసంచి కప్పారు. ప్రతి శుక్రవారం సంచి తీసి, నూనె గుడ్డతో తుడిచి, నంబరు ఉన్న ఇత్తడి పలకకి కుంకుమ బొట్టు పెట్టేవారు. హ్యాండిలు వేసి నాలుగు చుట్లు తిప్పేవారు, పట్టేయకుండా.

"కొత్తావిడ కాపురానికొచ్చినా పెద్దావిడకి మర్యాదలు తగ్గలేదే" అన్నాను.

"నీకు తెలీదు. పాలసీలో రాసింది ఈ నంబరే కదా. ఇది బాగున్నన్నాళ్లూ పాలసీ బాగుంటుంది. దీన్ని అమ్మేశామనుకో, పాలసీ చచ్చిపోయినట్టే" అన్నారు ఆయన.

ఆ మాటకి నేను నవ్వలేదు. ఎందుకంటే నాకూ సబబుగానే అనిపించింది. పైగా చదువుకున్నదాన్ని కదా, తల పంకించి, "అవును, మొదటి పేజీలో ఆ నంబరే ఉంది" అన్నాను. వీధిలో వాళ్లు కూడా అదే నమ్మారు. పిల్లలు ఎవరైనా దాని మీద కూర్చోబోతే, "లేవరా, అది ఇన్సూరెన్సు" అని గదిమేవారు.

ఇంజను పెద్దదైంది, బరువు పెరిగింది, వేగం పెరిగింది. బ్రేకులు మాత్రం ఆ చిన్న కారువే. ఎద్దుని మార్చి పాత పలుపుతోనే కట్టినట్టు. ఆ సంగతి మా ఆయనకి తట్టలేదని కాదు, బ్రేకులు కూడా మారుస్తానని అంటూనే ఉన్నారు. ఈ లోపు ఒక పొద్దున పంటు ఎక్కడానికి గట్టు దిగుతుంటే కారు ఆగలేదు. కింద దరియాలతిప్ప నుంచి వచ్చిన ఒక చేపలాయన భుజాన కావిడితో పంటు కోసం నిలబడి ఉన్నాడు. జనం అరిచారు. ఆయన పక్కకి దూకబోయాడు, కావిడి అడ్డం పడింది. కారు కుడికాలి మీదికి ఎక్కి ఆగింది.

మా ఆయనే ఆయన్ని ఎత్తుకుని, అదే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఇక్కడి డాక్టరు కట్టు కట్టి, ఎముక సరిగ్గా అతకాలంటే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నారు. లేకపోతే కాలు వంకరగా అతుక్కుంటుంది, కావిడి మొయ్యడం, పడవ ఎక్కడం ఇక కుదరదన్నారు. ఆ ఇంట్లో సంపాదించేది ఆ రెండు కాళ్లే.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య మా ఇంటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అరుగు మీద పాత ఇంజను పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమ్మా, ఆ కంపెనీవోళ్లు ఇత్తారంటగా? మీ వీధిలో అంటున్నారు. నిజమేనామ్మా?" అని అడిగింది చివరికి.

"ఇస్తారు. పాలసీలో రాసి ఉంది, నేనే చదివాను. నువ్వు నిశ్చింతగా వెళ్లు" అన్నాను.

ఆవిడ వెళ్లాక పెట్టెలోంచి పాలసీ తీశాను, కంపెనీకి ఉత్తరం రాద్దామని. ఏ పేజీలో ఎలా రాయమన్నారో చూద్దామని తిప్పుతుంటే ఆరో పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. బండిలో ప్రమాదాన్ని పెంచే మార్పు ఏదైనా చేస్తే ముందుగా కంపెనీకి రాసి తెలపాలిట. తెలిసి దాస్తే పాలసీ రద్దు, ఎవరికీ పైసా ఇవ్వరు. తెలియక చెప్పకపోతే, కట్టిన దానికీ కట్టాల్సిన దానికీ ఉన్న తేడాని బట్టి కొంత తగ్గించి, మిగతాది ఇస్తారు. మూడుసార్లు చదివాను.

తెలిసి దాచామా, తెలియక చెప్పలేదా? మా ఆయనకి తెలియదు. కానీ ఎనిమిదో పేజీ చివర, పూర్తిగా చదివి అర్థమయ్యేలా చెప్పానని నా సంతకం ఉంది. ఆ సంతకం నిజమైతే ఆయనకి అన్నీ తెలుసు, తెలిసే దాచారు, ఆ చేపలాయన కాలు వంకరగా అతుక్కుంటుంది. ఆ సంతకం అబద్ధమైతే నేను అబద్ధాలకోరుని. వీధిలో నేను సంతకం పెట్టిన ప్రతి కాగితం మీదా అందరికీ అనుమానమే. ఈ రెండే దారులు, మూడోది ఎంత వెతికినా కనపడలేదు. మా ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు ప్రమాదం గురించి మాత్రం రాసి, ఇంజను మాట ఎత్తకుండా ఉత్తరం పోస్టు చేశాను. అలా చేసినందుకు ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

కంపెనీ మనిషి పాండిచ్చేరి నుంచి వచ్చిన రోజున మా అరుగు ముందు వీధంతా పోగైంది. ఆయన తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న నెమ్మదస్తుడు. అరవం వచ్చు, ఫ్రెంచి వచ్చు, తెలుగు రాదు. అందుకని ఆయన ఫ్రెంచిలో అడగడం, నేను తెలుగులో మా ఆయనకి చెప్పడం, మా ఆయన చెప్పింది తిరిగి ఫ్రెంచిలో చెప్పడం. ఎదురింటి గుమాస్తాగారు తన అరుగు మీద చేతికర్ర పట్టుకుని కూర్చున్నారు. చూపు లేకపోయినా చెవులు బాగానే పని చేస్తాయి ఆయనకి.

కంపెనీ ఆయన కారు పైమూత తెరిపించి లోపలికి చూశారు. పాలసీలో నంబరు చూశారు. మళ్లీ లోపలికి చూశారు. "ఇందులో రాసిన ఇంజను ఇదేనా?" అని అడిగారు. నేను తెలుగులో చెప్పాను.

"కాదండి. ఇది పెద్దదండి. పాతది అదిగోనండి, అరుగు మీదుంది. చూస్తారేంటండి?" అన్నారు మా ఆయన, ఏదో కొత్త దూడని చూపిస్తున్నంత సంబరంగా.

గోనెసంచి తీశారు. కంపెనీ ఆయన వంగి, కుంకుమ చెదరకుండా ఇత్తడి పలక మీద నంబరు చదివారు. పాలసీతో సరిపోయింది. "ఇదిక్కడ ఎందుకుంది?" అన్నారు. మా ఆయన తన సిద్ధాంతం చెప్పారు. పాలసీ ఈ నంబరుది, అందుకని దీన్ని ఏ లోటూ రాకుండా చూసుకుంటున్నాను అని. నేను ఫ్రెంచిలో చెప్పాను. కంపెనీ ఆయన నవ్వలేదు. హ్యాండిలు పట్టుకుని ఒకసారి తిప్పి చూశారు. తేలిగ్గా తిరిగింది.

తర్వాత కుర్చీలో కూర్చుని ఆరో పేజీ తీశారు.

"మీ ఆయనకి ఫ్రెంచి రాదు కదా. ఈ షరతు ఆయనకి ఎవరైనా చదివి చెప్పారా? ఆయన్నే అడగండి" అన్నారు.

నేను మా ఆయన వైపు తిరిగి, ఆయన కళ్లలోకి చూడకుండా, "పాలసీ మీకు ఎవరైనా చదివి వినిపించారా అని అడుగుతున్నారు" అన్నాను.

మా ఆయన వీధి వైపు చూశారు, అందరూ నా వైపే చూస్తున్నారు. "మా ఆవిడ చదివిందండి. ఈ చివర్నించి ఆ చివరి దాకా అంతా చదివి చెప్పింది. నేనే బుద్ధి లేక మర్చిపోయాను. తప్పు నాదేనండి" అన్నారు.

నా పరువు కాపాడుతున్నానని ఆయన అనుకున్నారు. ఆ మాటతో పాలసీని తన చేతులతో తనే చింపేస్తున్నానని ఆయనకి తెలియదు. తెలిసేలా నేను చెబితే కదా. ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. కంపెనీ ఆయన కలం పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నారు. మా ఆయన అన్న మాటే ఫ్రెంచిలో చెబితే నా పేరు నిలుస్తుంది, పాలసీ పోతుంది. జనం వెనక వరసలో ఆ చేపలాయన భార్య నిలబడి ఉంది. తనకేమీ అర్థం కాకపోయినా, నేనన్నాను కాబట్టి ఇస్తారనే నమ్మకంతో నిలబడి ఉంది.

"ఏమన్నారు?" అని అడిగారు కంపెనీ ఆయన.

"నేను మొత్తం చదివానని అంటున్నారు. అది నిజం కాదు. రెండు పేజీలు చదివి మిగతావి తిప్పేశాను. ఈ పేజీ మొన్న ప్రమాదం జరిగాకే మొదటిసారి చదివాను. ఆయనకి ఇప్పటికీ తెలియదు" అన్నాను ఫ్రెంచిలో.

ఆయన ఎనిమిదో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించారు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే. అబద్ధం సంతకం."

ఎదురరుగు మీద చేతికర్ర టక్కుమని నేలకి తగిలింది. గుమాస్తాగారు లేచి నిలబడ్డారు. మా ఆయన, "ఏంటే, ఏమన్నావు? ఆయన మొహం అలా అయిందేంటి?" అన్నారు. వీధంతా చెవులు రిక్కించింది. నేను ఒక మాట ఫ్రెంచిలో చెప్పి ఊరుకోవచ్చు. అలా ఊరుకుంటే మళ్లీ సగం చదివినట్టే. అందుకని గొంతు పెంచి, తెలుగులో, మొదట్నుంచి చివరి దాకా చెప్పాను. పులుసు అడుగంటిన సంగతి కూడా చెప్పాను.

మా ఆయన నోరు తెరవబోతే, "మీరు కాసేపు ఊరుకోండి, ఇప్పటికి చేసిన మేలు చాలు" అన్నాను.

కంపెనీ ఆయన చాలాసేపు రాసుకున్నారు. ఆ తర్వాత కళ్లజోడు తీసి, నెమ్మదిగా అన్నారు. దాచాలనుకున్నవాడు పాత ఇంజనుని వీధి అరుగు మీద పెట్టి బొట్టు పెట్టడు. ఈయనకి తెలియదు, తెలియజెప్పాల్సిన వాళ్లు చెప్పలేదు. కాబట్టి పాలసీ రద్దు కాదు. కొంత తగ్గించి, మిగతాది కంపెనీ ఆ దెబ్బ తగిలిన మనిషికి ఇస్తుంది. తగ్గినంత మీరు పెట్టుకోవాలి. "అయితే మీరు చెప్పిందంతా మీ చేత్తోనే రాసివ్వాలి, మీ సంతకం సంగతితో సహా" అన్నారు.

ఆ మాటలు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రద్దు కాదు అన్న మాట దగ్గర ఆగి, అరుగు మీదే కూర్చుని గట్టిగా ఏడ్చాను. గుండెల మీంచి బండ దింపినట్టయింది. వారం రోజులుగా నేను కడుపు నిండా తిన్నది లేదు, మనసారా ఎవరినీ తిట్టిందీ లేదు. చేపలాయన భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇత్తారంటనా?" అని అడిగింది. "ఇస్తారు" అన్నాను. ఈసారి చదివే చెప్పాను.

తర్వాత సంగతి రెండు మాటల్లో చెబుతాను. తగ్గిన భాగానికి మా ఆయన పెద్ద ఇంజనుని ఒక మిల్లువాళ్లకి అమ్మేశారు. పాత ఇంజను మళ్లీ కారులోకి వెళ్లింది, వెళ్లిన రోజునే పని చేసింది. గట్టు ఎక్కేటప్పుడు మళ్లీ అందరూ దిగి తొయ్యాల్సి వచ్చేది. పక్కనే ఉంటే నేనూ ఒక చెయ్యి వేసేదాన్ని. చేపలాయనకి కాకినాడలో ఎముక సరిచేసి కట్టారు. కొంచెం కుంటేవాడు కానీ మరుసటి ఏడాదికి కావిడి భుజానికెత్తుకున్నాడు. వీధిలో కొన్నాళ్లు నా దగ్గరికి కాగితాలు తగ్గాయి. మళ్లీ వచ్చినప్పుడు, "మొత్తం చదువుతారా అమ్మగారూ?" అని నవ్వుతూ అడిగేవాళ్లు. నాకు చుర్రుమనేది. కానీ అడిగే హక్కు వాళ్లకుంది.

ఇవన్నీ తర్వాతివి. ఆ రోజు సాయంత్రం జరిగింది మాత్రం చెప్పి తీరాలి.

ఆ వాంగ్మూలం ఒకటిన్నర పేజీ వచ్చింది. దాని మీద మూడు గుర్తులు కావాలి. మా ఆయన సంతకం, నా సంతకం, దెబ్బ తగిలినాయన వేలిముద్ర. మా ఆయన చూడకుండానే కలం అందుకున్నారు. "నువ్వే రాశావు కదా, ఇంకా చదవడమెందుకు?" అన్నారు. ఇంత జరిగాక కూడా ఆ మాటే. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పి, విన్నారని నాకు నమ్మకం కుదిరాకే సంతకం పెట్టనిచ్చాను. ఆయన ముభావంగా పెట్టారు. ఆ తర్వాత కంపెనీ ఆయనతో కలిసి ఆసుపత్రికి వెళ్లాం.

చేపలాయన మంచం మీద కాలు చాపుకుని పడుకుని ఉన్నాడు. భార్య నేల మీద కూర్చుని విసురుతోంది. సంగతి చెప్పి, సిరా దిమ్మ తీసి పక్కన పెట్టాను.

"నాకు సదివి సెప్పండి" అన్నాడాయన, చెయ్యి చాపకుండా. "మీ ఆయన సంగతి ఇన్నాను. నేనలా ఏలు ఎయ్యనండి. మొత్తం సదవండి."

సరేనని మొదలుపెట్టాను. ఇంజను మార్చడం, బ్రేకులు మార్చకపోవడం, గట్టు దిగడం. ఆయన ఒక్కొక్క దానికీ తల ఊపుతున్నాడు. బ్రేకుల దగ్గర మా ఆయన వైపు ఒక చూపు చూశాడు. మా ఆయన తల దించుకున్నారు. మొదటి పేజీ చివర్లో నా సంగతి వచ్చింది. పాలసీని చదవకుండానే చదివానని సంతకం పెట్టిన దాన్ని నేనే, ఈ తప్పు నాది, యజమానిది కాదు. అక్కడ కూడా ఆపలేదు.

"ఆగండి. ఆ ముక్క మళ్లీ సదవండి" అన్నాడు.

మళ్లీ చదివాను.

"అది మీ మీద మీరే రాసుకున్నారా?"

"అవును."

"ఎవరూ రాయమనకుండానేనా?"

"రాయమన్నారు. చెప్పింది మాత్రం నేనే."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఎడమ చేతి బొటనవేలు ముందుకి చాపాడు. "అయితే మిగతాది సదవక్కర్లేదండి. ఎక్కడెయ్యాలో సూపించండి, ఏత్తాను."

సిరా దిమ్మని నేను వెనక్కి జరిపాను.

"లేదు, ఇంకా అర పేజీ ఉంది. వినాలి" అన్నాను. ఆ అర పేజీ కూడా చివరి వాక్యం దాకా చదివాను. అప్పుడు వేలిముద్ర వేయించుకుని, దాని కింద నేను సంతకం పెట్టాను.